ఇంగ్లీషు కాగితం కింద అన్నయ్య సంతకం

మా అన్నయ్య కడియంలో నర్సరీ నడుపుతాడు. మొక్కల లారీలు దేశమంతా తిరుగుతాయి కాబట్టి వాటితో వచ్చే కాగితాలు ఏ భాషలోనైనా ఉండొచ్చు. లోడు అవగానే డ్రైవరు కాగితం చాపుతాడు. అన్నయ్య కళ్లజోడు సర్దుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, సంతకం పడేస్తాడు. అక్కడ అందరూ అంతే. చదువుతూ కూర్చుంటే మొక్కలు వాడిపోతాయి.

అలాంటి మనిషిని ఒక రోజు మధ్యాహ్నం పోలీసులు తీసుకెళ్లారు. పూడిక తీయని కాలువను ఫోనులో వీడియో తీసి, తీసేశామని చెప్పినవాళ్లను నాలుగు మాటలు తిట్టి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అబద్ధాలు పుట్టించి జనాన్ని రెచ్చగొడుతున్నాడని కేసు. మర్నాడు ఉదయం రాజమండ్రి కోర్టుకు తెచ్చారు. రిమాండు పడితే జైలే. అన్నయ్యకు షుగరు, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పడాలి.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ప్రాథమిక హక్కులను ఇరవై ఏళ్లుగా నాలుగు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించాను. కోర్టు వరండాలో నిలబడితే ఒక్క వాక్యం గుర్తు రాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

మా లాయరు చిన్న వయసు అమ్మాయి, ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది.

"మేడమ్, అరెస్టు చేసిన మనిషికి కారణం తెలపాలని రాజ్యాంగంలో ఉంది కదండీ. నోటితో చెబితే చాలదు, రాసివ్వాలని సుప్రీంకోర్టు అంది. ఆ రాసిచ్చేది కూడా ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని తర్వాత తేల్చింది. లేకపోతే అరెస్టే చెల్లదండి. మీ అన్నయ్యగారికి ఇచ్చింది ఇంగ్లీషు కాగితం."

నా ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"కానీ కింద 'చదివి అర్థం చేసుకున్నాను' అని తెలుగులో రాసి సంతకం పెట్టేశారండి. ఇంగ్లీషు రాదని ఇప్పుడు ఆయనే జడ్జిగారికి చెప్పాలి."

లారీ కాగితం అనుకున్నాడు మహానుభావుడు. అన్నయ్య ఆ మాట చెప్పడు. నాన్న పోయాక ఎనిమిదో తరగతిలో చదువు మానేసి, నర్సరీ పనిలో దిగి, నన్ను ఇంగ్లీషు మీడియంలో చదివించినవాడు. కూలీల ముందు, ముఖ్యంగా నా ముందు, ఇంగ్లీషు పేపరు తెరిచి పట్టుకుంటాడు. జైలుకైనా వెళ్తాడు గానీ ఒప్పుకోడనిపించింది.

లోపల మా వెనక నర్సరీ కూలీలు పదిమంది దాకా నిలబడ్డారు. జడ్జిగారు కాగితం చూపించారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"చదివే పెట్టారా?"

ప్రభుత్వ లాయరు అందుకున్నారు. "ఆయన చేతిరాతేనండి."

"ఆయన్ని చెప్పనివ్వండి," అన్నారు జడ్జిగారు.

అన్నయ్య వెనక్కి తిరిగాడు. కూలీలను చూడలేదు, నన్ను చూశాడు. అంత భయం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. చెప్పు అన్నయ్యా, చెప్పెయ్యి అని లోలోపల బతిమాలుకున్నాను.

"లేదండి," అన్నాడు చివరికి. "నాకు ఇంగ్లీషు రాదండి. రాయమన్నారు, రాశానండి. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదండి."

జడ్జిగారు రిమాండు కుదరదన్నారు. కేసు అలాగే ఉంది, మనిషిని మాత్రం వదిలారు. ముక్కూ మొహం తెలియని వాళ్లెవరో ఎక్కడో కోర్టుల చుట్టూ తిరిగి ఆ తీర్పులు తెచ్చుకున్నారు. వాళ్ల పుణ్యాన అన్నయ్య ఆ పూట ఇంటి భోజనం చేశాడు.

ఆటోలో వస్తుంటే రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"నీ ప్రోగ్రెస్ కార్డుల మీద కూడా చదవకుండానే పెట్టేవాణ్ణే."

"తెలుసు అన్నయ్యా. లెక్కలు తప్పిన నెల కూడా చాలా బాగుందన్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అలా అన్నాక మళ్లీ ఎప్పుడూ తప్పలేదు," అన్నాను.