ఉస్తాద్ పెట్టిన ఎర్ర బొట్టు

పాత సామాన్ల ఆటో మైకు మోగించుకుంటూ మా గల్లీలోకి వచ్చేసరికి నేను స్నానం చేస్తున్నాను. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి చూస్తే, నా కొడుకూ ఆ ఆటో అతనూ చెరో పక్కా పట్టి మా రంగుల టీవీని గడప దాటిస్తున్నారు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం కదా, ఏళ్లుగా అది చెడిపోయి పడున్న మూల ఖాళీ అయితే బాగుండునని కోడలు అన్నదట. ఆమె తప్పేమీ లేదు. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చి, ఒంటి మీద తువ్వాలతోనే వాకిట్లోకి పోయి "దించుండ్రి" అని గల్లీ అంతా వినబడేటట్టు అరిచాను. దించారు. ఉద్యోగం లేని ముసలివాడికి ఇంకేం పని? ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని వెనక కూర్చున్నాను.

రంగుల టీవీ అని అలవాటుగా అంటున్నాను గానీ, మా ఇంట్లో అది ఏనాడూ ఒక్క రంగు చూపించిన పాపాన పోలేదు. మా అన్న దుబాయిలో ఓ సేటు ఇంట్లో పనిచేసేవాడు. వాళ్లు కొత్తది కొనుక్కుని మూలకు నెట్టిన టీవీని అడిగి తీసుకుని, దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు బోధన్ దాకా తెచ్చాడు. కట్టెపెట్టె, లోపల వరుసగా గాజు వాల్వులు, ఇద్దరు మోస్తే గానీ కదలని బరువు. మన దిక్కు టీవీ స్తంభం వేసిన కొత్త రోజులవి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎవరింట్లో టీవీ ఉంటే వాళ్ల వాకిట్లో చెప్పుల కుప్ప.

అప్పటికి నేను నిజామాబాద్‌లో మా బావ రేడియో దుకాణంలో పని నేర్చుకుంటున్నాను. బావ అంటే మా అక్క పెనిమిటి, నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా. ఆ దుకాణంలో ఒక ఆచారం ఉండేది. రిపేరు చేసి మూత బిగించాక, స్క్రూ తలకాయ మీద గోళ్లరంగు చుక్క ఒకటి పెట్టేవాళ్లం. చుక్క పగిలి ఉంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టు లెక్క. బావది ఎరుపు. అక్క గోళ్లరంగు సీసా దుకాణం గల్లాలోనే ఉండేది, పండుగొస్తే గోళ్లకు లేదు గానీ స్క్రూలకు ఉంటదని అక్క గులిగేది. ఉస్తాద్ బొట్టు పెట్టిన స్క్రూను పని నేర్చుకునే శాగిర్దు విప్పగూడదు. అది ఎవరూ చెప్పేవారు కాదు, పెద్దల మాటకు ఎదురు చెప్పగూడదని ఎట్లా తెలుసో ఇదీ అట్లాగే తెలుసు.

బాపు షక్కర్ ఫ్యాక్టరీలో చెరకు మిషన్ల దగ్గర పనిచేసేవాడు. నాకు రిపేరు పని పిచ్చి అని తెలుసు, అది కూడు పెడుతుందన్న నమ్మకం మాత్రం లేదు. టీవీ ఇంటికి రాగానే ఒక మాట అన్నాడు: "రంగులు తెప్పియ్యి బిడ్డా. తెప్పిస్తే బోధన్‌లనే నీకు దుకాణం పెట్టిస్త." నాకు ఇంకేం కావాలి! దుకాణానికి బోర్డు ఏ రంగులో రాయించాలో కూడా అనుకున్నాను. అయితే ప్రయాణంలో కుదుపులకో ఏమో టీవీ అసలు వెలగనే లేదు, పెద్దచెయ్యి పడితే మంచిదని నేనే పోయి బావను పిలుచుకొచ్చాను. దారి పొడుగునా దుకాణం ముచ్చటే చెబుతూ నేనే పిలుచుకొచ్చానండీ, చూడండి నా తెలివి.

బావ వచ్చి, తిని, నన్ను బజారుకు సోల్డరింగ్ తీగ తెమ్మని పంపి, నేను తిరిగి వచ్చేసరికి బొమ్మ తెప్పించాడు. నలుపు తెలుపు. రంగులు పుట్టించే భాగానికి ఒక రేకు మూత ఉంటుంది, దాని స్క్రూల మీద అప్పటికే ఎర్రబొట్లు మెరుస్తున్నాయి. రంగుల భాగం కాలిపోయింది, దాన్ని ముడితే ఉన్న బొమ్మ కూడా పోతుంది అన్నాడు. వాకిట్లో కూడిన జనం, దుబాయిలో రంగులు అయిపోయినట్టున్నయి అని ఎకసెక్కాలాడారు. సేటు ఇంట్లో రంగులు బ్రహ్మాండంగా వచ్చేవని అన్న ఒట్టు వేసి మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. అన్న ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ఇంటికి ఒక వస్తువు తేలేదు. బాపు మాత్రం నన్ను తిట్టలేదు. ఉస్తాద్‌తోనే కానిది నీతోని ఏమైతది, ఫ్యాక్టరీకి నడువుమన్నాడు. నడిచాను. చెరకు బండ్లు తూచే కాటా దగ్గర కూర్చుని, ఫ్యాక్టరీ మూతబడేదాకా అక్కడే ఉన్నాను.

మళ్లీ ఇప్పటికి వస్తే, ఎండిన కండెన్సర్లు మార్చాను, హైదరాబాద్ నుంచి వాల్వులు తెప్పించాను, బొమ్మ వచ్చింది. ఆ రేకు మూత జోలికి మాత్రం పోలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి, మనుమలున్న మనిషిని, బావకు ఫోన్ చేసి విప్పనా అని అడిగాను. బావ గయ్యిమన్నాడు. కాలిపోయిందని అప్పుడే చెప్పిన గదా, ముట్టకు అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేశాను. అంతా విన్న కోడలు చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "మీ టీవీయే గద మామయ్యా, గాయిన్నెందుకు అడుగుడు?" అన్నది. చాయ్ పక్కకు జరిపి స్క్రూడ్రైవర్ అందుకున్నాను. అప్పుడు విప్పాను.

లోపల కాలిన మచ్చ లేదు. మసి లేదు. ఒకే ఒక్క తీగ రెండు ముక్కలై ఉంది. అది తెగింది కాదు, తెంపింది. రెండు కొసలకూ నల్ల టేపు చుట్టి, వేరే దేనికీ తగలకుండా చెరో పక్కకు మడిచి పెట్టాడు. అంత నీటుగా టేపు చుట్టడం నాకు నేర్పిన చెయ్యి అదే. ఎవడో పరాయివాడు చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి.

తీగ కలిపి, పాత వీసీఆర్‌లో మేనకోడలి పెళ్లి క్యాసెట్ పెట్టాను. బావ పెద్దబిడ్డే ఆమె. వాల్వులు వేడెక్కి, బొమ్మ మెల్లగా తేలింది. పిల్ల చెంపల మీద పసుపు పచ్చగా ఉంది. పక్కనే బాపు, తలకు గులాబీ రంగు రుమాలు. బాపు పోయేదాకా మా ఇంటి టీవీలో ఆ రుమాలు బూడిద రంగులోనే చూసుకున్నాడు. ఏడ్చాను, దాచుకునేదేముంది.

ఆదివారం అక్కనూ బావనూ భోజనానికి పిలిచాను. అక్క బాపును చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ తెర వంక ఒక్కసారి చూసి, చూపు నా మీదికి తిప్పాడు. రంగులు ఎట్లొచ్చాయని అడగలేదు.

"బొట్టు తీసినవా?" అన్నాడు.

తీసిన అన్నాను. ఎందుకు తెంపినవు బావా అని అడిగాను. నువ్వు బోధన్‌ల దుకాణం పెడితే ఈ దిక్కు గిరాకీ నా దాకా ఎందుకొస్తది, నాకు ముగ్గురు పిల్లలు అన్నాడు. నా వంక చూడకుండానే, "ఎప్పుడో ఒకనాడు విప్పి సూస్తవనుకున్న. నువ్వు విప్పనే లేదు" అన్నాడు.

అక్క ఒక్కటే అడిగింది, గా బొట్టు నా సీసలదేనా అని. బావ తల ఊపాడు. అక్క లేచి లోపల కోడలి దగ్గరికి పోయి కూర్చుంది, మళ్లీ ఇవతలికి రాలేదు.

తీగ తెంపినందుకు బావను ఏనాటికైనా క్షమిస్తానేమో. పిల్లలు గల మనిషి, భయపడ్డాడు. కానీ ఆ వయసులో నేను విప్పనని తెలిసే ఆ బొట్టు పెట్టాడే, అది నాకు మింగుడు పడటం లేదు. నేనిచ్చిన గౌరవాన్నే తాళం చేసి నన్ను బయట నిలబెట్టాడు. ఇప్పటి టీవీలకు విప్పడానికి స్క్రూలే కనబడవు, ఉస్తాదులూ లేరు, శాగిర్దులూ లేరు, చెడిపోతే ఆటో అతను వచ్చి ఎత్తుకుపోతాడు. ఒక మనిషి పెట్టిన చుక్కకు భయపడి బతుకంతా పక్కకు తప్పుకున్నవాణ్ణి చూస్తే ఈ పిల్లలకు నవ్వే వస్తుంది. రావాలి కూడా.

సున్నాలు అయ్యాక టీవీని మళ్లీ దాని మూలకే చేర్చాం. మూత నేనే బిగించాను. కోడలు తన గోళ్లరంగు సీసా తెచ్చి, మీ బొట్టు పెట్టుకోండి మామయ్యా అని ఇచ్చింది. వద్దన్నాను. స్క్రూలు వట్టిగానే ఉన్నాయి, ఎవరికి అనుమానం వస్తే వాళ్లు విప్పి చూసుకోవచ్చు.