పంటి తొడుగు ఊడిన రోజు

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్ ఎవరినీ ఓ పట్టాన నమ్మేవాడు కాదు. పనిమీద ఊళ్లు తిరిగే మనిషి కాబట్టి, పంటి తొడుగు ఊడితే దాచుకోవడానికి భార్య అతని సంచిలో ఓ చిన్న డబ్బా, నొప్పికి లవంగ నూనె పెట్టి పంపేది. ఒకసారి పరాయి ఊళ్లో నిజంగానే ఊడి, పన్ను నొప్పి మొదలైంది. తొడుగు డబ్బాలో వేసుకుని పంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు గానీ, మూత మాత్రం తియ్యలేదు.

“మార్చేస్తానేమోనని భయమా?” అందామె.

“అద్దం ఇవ్వండి. నేను చూస్తుండగా పెట్టండి.”

ఆమె నవ్వి ఇచ్చింది. పది నిమిషాల్లో తొడుగు గట్టిగా కూర్చుంది. బయటికొచ్చి, నాలుకతో నాలుగుసార్లు తడిమి చూసుకుని భార్యకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“నొప్పి తగ్గిందాండీ?”

“తగ్గిందిలే. ఇంత సులువుగా ఎలా తగ్గిందా అనే నా అనుమానం!”