ఒకే కండె దారం

సూరత్‌లో లాక్‌డౌన్ రోజులు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తున్నాయి. నవాగామ్‌లో మా గది కిందే మరమగ్గాల షెడ్డు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని. అది ఆగిపోయేసరికి గాలిలో నూలు నూగు కూడా కదలడం మానేసినట్టుండేది. పొద్దునా మధ్యాహ్నమూ ఒకటే రంగులో ఉండేవి. మగ్గం నడిపే మా బాపు గోడవారన పడుకునేవాడు, లేచి తినేవాడు, మళ్లీ పడుకునేవాడు.

తిండికి లోటు లేదు, అదే వింత. దాతలు పంచిన, శనగపిండితో వేయించిన గాఠియా పొట్లాలు, బిస్కెట్లు, అన్నం, ఆలుగడ్డ కూర, చక్కెర దండిగా వేసిన చాయ్. రెండేళ్ల తమ్ముడికి అమ్మ బిస్కెట్ చాయ్‌లో ముంచి పెట్టేది. వాడు సగం తిని కళ్లు మూసుకునేవాడు. ఆకలని ఏడ్చేవాడు కాదు, చంక దిగేవాడు కాదు. ఎంత బుద్ధిమంతుడో అని ఇరుగుపొరుగు మురిసిపోయారు. నాకు ఒళ్లు మండేది. గల్లీ అంతా ఉరికిన పిల్లాడు బొమ్మలా కూర్చుంటే దాన్ని బుద్ధి అంటారా?

స్నానం చేయిస్తుంటే వాడి మొలతాడు తొడల మీదికి జారిపోయేది. చెమటకు నూలు సాగిందని అమ్మ ముడి జరిపి బిగించేది. అదే రోజుల్లో బాపు మొలతాడు పొట్టలో దిగబడి ఎర్రగా గాటు పడింది. తడికి నూలు కుంచించుకుందని బాపు దాన్ని తెంపేసి, పొడుగ్గా ఇంకోటి కట్టుకున్నాడు. నేతవాళ్లం కదా, ఏ తేడా వచ్చినా మా అనుమానం ముందు నూలు మీదికే పోతుంది.

అమ్మ మళ్లీ ముడి జరుపుతుంటే ఇక ఊరుకోలేకపోయాను.

"బాపూ, ఇద్దరిదీ ఒక్క కండె దారమే గదా. తమ్మునికి సాగిన దారం నీకెట్ల బిగుసుకుంటది?"

బాపు తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుని, వాడి నడుము చుట్టూ వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

బయటికి పోనిచ్చాక సర్కారు దవాఖానాకు వెళ్లాం. డాక్టరమ్మ వాణ్ణి తూచింది, బాపుకు రక్తపరీక్ష చేయించింది. బాపుకు చక్కెర జబ్బు మొదలైందనీ, ఒకే తిండి ఒకరిని ఊదబెట్టి ఇంకొకరిని ఎండబెట్టిందనీ, కడుపులు నిండాయే గానీ ఒంటికి కావలసింది ఇద్దరికీ అందలేదనీ హిందీలో మెల్లగా చెప్పింది. ఇలాగే ఉంటే బాబు దక్కడం కష్టమని కూడా అంది. అమ్మ మాస్కు వెనకాలే ఏడ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో గుడ్లు, పెసరపప్పు, పల్లీలు, పాలకూర. బాపు గాఠియా మానేసి పొద్దున్నే డిండోలి వైపు నడిచేవాడు. తమ్ముడు మాత్రం ముద్ద నోట్లో పెడితే మింగేవాడు, అడిగేవాడు కాదు. మగ్గాలు మొదలయ్యాయి, వానలొచ్చాయి, వాడింకా చంకలోనే. ముగ్గురం వాడి మొహంలోకే చూస్తూ, నిద్రలో నడిచినట్టు ఆ రోజులు గడిపాం.

ఒక మధ్యాహ్నం బాపు కంచంలో గుడ్డు పెట్టుకుని తినబోతున్నాడు. తమ్ముడు అమ్మ చంకలోంచి జారి, పడుతూ లేస్తూ వెళ్లి ఆ గుడ్డు లాక్కున్నాడు. కాలుతుందని అమ్మ తీసుకోగానే ఏడుపు అందుకున్నాడు. గల్లీ చివరిదాకా వినపడే ఏడుపు. అమ్మ గాబరాగా ఎత్తుకోబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఏడ్వనియ్యవే. పోరడు తిండి కోసం ఏడ్వక ఎన్ని దినాలాయె."

ఆ మాట అంటూ బాపే ఏడ్చేశాడు.