తాతయ్య ఇచ్చిన సత్తు మగ్గు

మా తాతయ్య, అంటే అమ్మకు నాన్నగారు, రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో మిలిటరీ లారీ నడిపారు. మా ఊరు ముదినేపల్లిలో ఆ సంగతి అందరికీ తెలుసు. అక్కడేం జరిగిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తొంభైల చివర్లో హైదరాబాదులో ఒక యుద్ధ మ్యూజియం పెడుతున్నామంటూ ఒకతను టేపురికార్డరుతో వస్తే, ఆయన నోరు విప్పారు. నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆయనతోపాటు లారీలో బందరు సాయిబు ఒకాయన ఉండేవాడట. జపాను వాళ్ళు తరుముకొస్తుంటే లారీలు వదిలేసి కొండల్లో నడిచి వస్తుంటే సాయిబుకు జ్వరం తగిలింది. రెండు రోజులు తాతయ్య ఆయన్ని భుజం ఆసరా ఇచ్చి నడిపించారు. మూడో రోజు దారిపక్కన కూర్చోబెట్టారు.

"నీళ్ళు తెస్తానని వాడి మగ్గు పట్టుకుని వచ్చానండీ. మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు," అన్నారు.

ఆ సత్తు మగ్గు మీద సాయిబు మేకుతో గీసుకున్న పేరు ఉంది. అరవై ఏళ్ళకు దగ్గరగా దాన్ని పెట్టెలో దాచి, ఆరోజు తీసి మ్యూజియం అతని చేతిలో పెట్టారు.

"వాడి పేరు పెడతారు కదా?" అని రెండుసార్లు అడిగారు.

"తప్పకుండా అండీ," అన్నాడతను. అతను తెచ్చిన ఇంగ్లీషు కాగితం చదివి, ఫర్వాలేదు తాతయ్యా అని సంతకం పెట్టించింది నేనే.

మరుసటేడు ప్రారంభోత్సవానికి పిలిచారు. శాలువా కప్పారు. అద్దాల బీరువాలో మగ్గు తళతళా మెరుస్తోంది. పేరు గీసిన వైపు గోడకు తిప్పి ఉంది. కింద చీటీలో తాతయ్య పేరు, ఆయన వాడిన మగ్గు అని. మీట నొక్కితే ఆయన గొంతు లారీల గురించి, బాంబుల గురించి చెప్పింది. సాయిబు ఊసే లేదు.

తాతయ్య మూడుసార్లు నొక్కారు. "మిగతాదేదమ్మా?" అన్నారు.

ఆరోజు టేపురికార్డరుతో వచ్చినతన్ని వెతికి పట్టుకున్నాం. "రెండు నిమిషాలే ఉండాలండీ. అయినా అది వింటే మీకే చెడ్డపేరు," అన్నాడు.

"చెడ్డపేరు నాదేగా, నీకెందుకు బాబూ? వాడి పేరు పెడతావనేగా ఇచ్చింది! పెట్టకపోతే మగ్గు ఇచ్చెయ్."

అతను కాగితం తెచ్చి చూపించాడు. ఇచ్చిన వస్తువు తిరిగి అడగకూడదని అందులో ఉంది. ఆరోజు ఆ వాక్యం నేను చదివాను కూడా.

ఇంటికి రైలెక్కాం. గుడివాడలో దిగబోతూ తాతయ్య, "చదువుకున్నదానివని నీ మాట విన్నాను," అన్నారు.

సాయిబు పేరు పెట్టమని మ్యూజియానికి రెండు ఉత్తరాలు రాశాను. మా ప్రదర్శన చూసినందుకు కృతజ్ఞతలు అని అచ్చువేసిన కార్డు ఒకటి వచ్చింది. తాతయ్య పోయేదాకా దాన్ని ఆయన కంటపడనివ్వలేదు.