అన్నం సీను

కరోనా తగ్గి సినిమా హాళ్ళు మళ్ళీ తెరిచిన మరుసటి ఏడు, మిరప కోతల రోజుల్లో, నన్ను వినుకొండ నుంచి చీరాల హాలుకు మేనేజరుగా మార్చారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని ఇంకెక్కడికి తిప్పుతారులే అనుకున్నాను. తిప్పారు. ఓనరుగారికి రెండు ఊళ్ళలోనూ హాళ్ళున్నాయి, చీరాల మేనేజరు మానేశాడు, అంతే సంగతి. మోకాళ్ళ నొప్పులతో ఆ హాలు మెట్లెక్కలేక చచ్చేవాణ్ణి.

హాలు మేనేజరంటే రోజూ ఉచితంగా సినిమా చూసేవాడని జనం అనుకుంటారు. ఏం చూస్తాం, నా మొహం! కొత్త బొమ్మ పడిన రోజు మేనేజరు పక్క తలుపు దగ్గర తెరకు వీపు పెట్టి నిలబడతాడు. ఆయన చూడాల్సింది జనాన్ని. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఈల వేశారు, అన్నిటికంటే ముఖ్యంగా ఎక్కడ లేచారు. ఒకరిద్దరు బయటికొస్తే ఫర్వాలేదు. వరసలు వరసలు లేస్తే అక్కడ సీను చల్లబడిందని ఓనరుకు చెప్పాలి. రీళ్ళ కాలంలో అలాంటి చోట ఆపరేటరు ఫిల్ము కత్తిరించి రెండు కొసలూ అతికించేసేవాడు. దాన్ని ట్రిమ్మింగ్ అనేవాళ్ళం. ఇప్పుడు సినిమా కంప్యూటర్లోకి వస్తుంది కాబట్టి కత్తెర పనిలేదు, ఆపరేటరు ఒక మీట నొక్కి ఆ ముక్క దాటించేస్తాడు.

ఆ నెల సరైన కొత్త సినిమా లేక ఓనరుగారు మ్యాట్నీలకు ఒక పాత నలుపు తెలుపు సినిమా తెప్పించారు. ఇప్పుడు పాతవాటిని ఒక్క ముక్కా పోకుండా అసలు నెగెటివ్ నుంచి శుభ్రం చేసి మళ్ళీ వదులుతున్నారు కదా. పేరు చెప్పను, చెబితే మళ్ళీ వాదాలు.

పోస్టరు అంటించిన రోజే సుబ్బరత్నమ్మగారని ఒక పెద్దావిడ ఆఫీసు గదికి వచ్చారు. వేటపాలెం మనిషి. వయసులో పద్య నాటకాలు ఆడారు, తర్వాత బతుకంతా జీడిపప్పు ఒలిచారు. "బాబూ, ఈ సినిమాలో నేనున్నాను. అన్నం పెట్టే సీను ఉంచుతారా?" అని అడిగారు.

కూర్చోబెట్టి అడిగితే సంగతి చెప్పారు. పొలం పోగొట్టి, మొహం చెల్లక ఇల్లు వదిలి వెళ్ళిన కొడుకు ఒకరోజు తిరిగొస్తాడు. తల్లి ఒక్క మాటా అనకుండా అన్నం పెడుతుంది. పాతికేళ్ళు నిండని ఈవిడకు జుట్టు తెల్లచేసి ఆ తల్లి వేషం వేశారు. సినిమా మొత్తానికి ఆవిడకున్నది ఆ ఒక్క సీనే. సినిమా విడుదలయ్యేసరికి ఆవిడ పురిట్లో ఉన్నారు. బిడ్డనెత్తుకుని ఇంటిల్లిపాదితో హాలుకు వెళ్ళేసరికి ఈ చుట్టుపక్కల అన్ని ఊళ్ళలోనూ ఆ సీను ట్రిమ్ చేసేశారు. తర్వాత టీవీలో వేసిందీ ఆ కత్తిరించిన ప్రింటే.

"అప్పట్నుంచీ మా ఆడపడుచు కోటమ్మ నన్ను వదలదు బాబూ. సినిమా స్టారొచ్చింది, కుర్చీ వెయ్యండర్రా అని పెళ్ళిళ్ళలో కూడా ఎగతాళే. మా ఆయనా నమ్మకుండానే పోయాడు. ఇక అదొక్కతే మిగిలింది. దానికి చూపించాలి" అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. విసుగు నాకు బాగా తెలిసిన సంగతి కాబట్టి కాదనలేకపోయాను.

ఓనరుగారికి ఫోను చేశాను. "అబ్బే, ఆ అన్నం సీనా? మా నాన్నగారి రోజుల్లోనే జనం లేచిపోయేవాళ్ళు. అసలే బొమ్మ పొడుగు, దాటించేయండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మ్యాట్నీ సాగితే హాలు ఊడ్చే టైముండదు, ఫస్టు షో జనం గేటు దగ్గర గోల చేస్తారు. ఆదివారం పడే మొదటి మ్యాట్నీకి ఉంచుతానండీ, ఆ తర్వాత ఎప్పుడు జనం లేస్తే అప్పట్నుంచి దాటించేస్తాను అని బతిమాలాను. సరే, గోలైతే నాకు ఫోన్ చేయొద్దని పెట్టేశారు.

ఆదివారం మ్యాట్నీకి వదినా ఆడపడుచులిద్దరూ ఆటోలో దిగారు. "ఏదమ్మా మా హీరోయిన్, పోస్టర్లో ఎక్కడా కనబడదే?" అని కోటమ్మగారు మెట్ల మీద నుంచే మొదలుపెట్టారు. సుబ్బరత్నమ్మగారు టికెట్లు చూపించి వెళ్ళి కూర్చున్నారు.

ఇంటర్వెల్ తర్వాత ఆ సీను వచ్చింది. మాటల్లేవు, సంగీతం లేదు. తెర మీద చప్పుడు ఆగితే మన జనానికి టీ గుర్తొస్తుంది. ముందు వరసలు లేచాయి, వెనకాలవాళ్ళూ లేచారు. అయిపోయింది, అనుకున్నాను. సుబ్బరత్నమ్మగారి వైపు చూస్తే ఆవిడ తెర చూడటం లేదు, పక్కనున్న కోటమ్మగారి మొహం చూస్తున్నారు.

అప్పుడు కోటమ్మగారు దిగ్గున లేచారు.

"ఒరేయ్, కూర్చోండ్రా! మా వదిన అన్నం వడ్డిస్తుంటే మధ్యలో లేచిపోతారేంట్రా? బుద్ధుందా?"

మన వైపు వడ్డిస్తుండగా విస్తరి ముందు నుంచి లేస్తే పెట్టే చేతిని అవమానించినట్టే. లేచినవాళ్ళు నవ్వుతూనే మళ్ళీ కూర్చున్నారు. తలుపు దాకా వచ్చిన ఒక పెద్దాయన నా కాళ్ళ దగ్గర మెట్టు మీదే కూలబడ్డాడు. ఇక నేనూ వెనక్కి తిరిగి తెర చూశాను.

పొగలు కక్కే అన్నం. తల్లి చేత్తో తీసి పెడుతోంది. చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కుని, మళ్ళీ పెట్టింది. చూపంతా కంచం మీదే, కొడుకు మొహం వైపు ఒక్కసారీ తిప్పలేదు. కెమెరా కదల్లేదు. ఆ తెల్లజుట్టు ఇప్పుడు ఆవిడకు నిజంగానే వచ్చింది గనుక తెర మీద మనిషీ కుర్చీలో మనిషీ అచ్చం ఒకటే.

ఆట విడిచాక టీ ఇప్పించి, అలా ఎలా చేశారమ్మా అని అడిగాను. "నాదేముంది బాబూ. వాడి మొహం చూడకమ్మా, చూస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే హాల్లోవాళ్ళు ఏడవరు అన్నారు డైరెక్టరుగారు. గరిటె అడిగితే ఇవ్వలేదు. అన్నం అప్పుడే పొయ్యి మీంచి దించింది. చెయ్యి కాలడం నిజమే" అన్నారు. కోటమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు, మచ్చ ఇంకా ఉంటుందేమోనని. "అన్నయ్య చూడలేదు కదొదినా" అన్నారు చివరికి.

ఫస్టు షో ఆలస్యమైంది, గేటు దగ్గర గోలైంది, ఓనరుగారు చివాట్లు పెట్టారు. మర్నాటి మ్యాట్నీకి హాల్లో కోటమ్మగారు లేరు. అన్నం సీను రాగానే జనం లేచారు. మాటిచ్చాను కాబట్టి ఆ తర్వాతి మ్యాట్నీ నుంచి దాటించేశాం.

ఇన్నేళ్ళ హాలు ఉద్యోగంలో తెలిసింది ఇంతే. జనం లేస్తే సీను ఆడలేదని చెప్పగలం, బాగాలేదని చెప్పలేం. అది చెప్పాలంటే మేనేజరు కూడా టికెట్టు కొనుక్కుని కూర్చోవాలి.