పసుపు కళ్ళం పక్కన తెల్లగోడ

మా ఇంటికి వచ్చినోళ్ళంత వదిన రూములకు పోయి, ముందు గోడ చూసి, తర్వాత నా మొఖం చూస్తున్నరు. ఒక్కొక్కరికి విడిగ చెప్పుకునే ఓపిక నాకు లేదు. అందుకే చాయ్ పట్టుకొని కూసోండ్రి, అందరికి ఒకటేసారి చెప్త. నవ్వేదుంటే చివర్ల నవ్వుండ్రి. మధ్యల నవ్వితే నాకు ఏడుపొస్తది.

మాది నిజామాబాద్ దాటంగనే ఉన్న ఊరు. పసుపు పండిస్తం. ఇంటి వెనకనే కళ్ళం. మా అన్నకు ఎడపల్లిల పిల్ల కుదిరింది, పేరు హరిత. వాళ్ళ తాతలు ఎప్పుడో కోస్తా దిక్కు నుంచి వచ్చి కాలువ కింద భూమి చేసుకుంటున్నోళ్ళు. వదిన పుట్టింది, చదివింది అంత ఇక్కడే అయినా, 'అండీ' లేకుండ మాట పూర్తి చెయ్యదు. మొదటిసారి "ఏవండీ" అని పిలిస్తే, మా అన్న వెనక్కి తిరిగి ఎవరో పెద్దమనిషి వచ్చిండని చూసిండు.

పెండ్లికి ముందు ఫోన్ల వదినతోని అన్న కంటె నేనే ఎక్కువ మాట్లాడిన. ఒకరోజు మాటల మధ్యల అడిగిన, "వదినా, నీ రూముకు ఏ రంగు ఏపియ్యమంటవ్?"

 

"నన్నెవరూ ఇలా అడగలేదు శ్రావణీ," అన్నది.

చిన్నప్పటి నుంచి వాళ్ళ మామ్మ, చెల్లెండ్లు, యూరియా బస్తాలు, అందరు కలిసి ఒకటే రూములనట. గోడకు ఏ రంగు అంటే, గేటుకు ఏసినంక డబ్బాల మిగిలిన రంగు. గేటు నీలమైతే గోడ నీలం, గేటు ఆకుపచ్చైతే గోడ ఆకుపచ్చ. "తెల్లగా ఉంటే చాలు. పొద్దున్నే లేచి చూస్తే కళ్ళు చల్లగా ఉండాలి. ఒక్క గోడైనా ఇది నాది అనిపించాలి."

గా మాటకు నా గుండె కరిగి కాలువల కలిసింది. "నువ్వు రా వదినా, నీ గోడ నా పూచీ," అని మాటిచ్చిన.

ఇగ చూడుండ్రి నా హడావుడి. ఫోన్ల వీడియోలు చూసీ చూసీ రంగుల మీద పీహెచ్‌డీ చేసిన. గోడకు లైమ్ వాష్ అని ఒక ఫినిష్ ఉన్నదట. మెరవదు. పల్చటి మబ్బును చేత్తోని నిమిరినట్టు ఉంటది. దానికి జోడి పిస్తా రంగు కర్టెన్లు. బీరువాకు మ్యాట్ వాల్‌నట్ లామినేట్, అంటే మెరవని చెక్కరంగు షీటు. హ్యాండిళ్ళు ఇత్తడివే, కానీ తోమనట్టుండాలె. ఒకదానికొకటి కలుస్తుందా లేదా చూసుకోవాలె గద, అందుకని కర్టెన్ ముక్క, లామినేట్ ముక్క బ్యాగుల ఏసుకొని టౌన్ల దుకాణాలన్ని తిరిగిన. బస్సుల ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు తియ్యబోయి కండక్టర్ అక్కకు లామినేట్ ముక్క చూపించిన. ఆమె అటిటు తిప్పి చూసి, "ఫోటో ఏదమ్మా?" అన్నది.

అన్నకు మెరిస్తెనే కొత్తది. "గ్లాసీ ఏపియ్యి చెల్లె. గోడల మొఖం కనవడాలె."

"పొద్దున లేవంగనే రెండు దిక్కుల నీ మొఖం కనవడితె వదిన ఎడపల్లి బస్సెక్కుతది," అని నేనన్న.

అమ్మ మాత్రం రంగు బక్కెట్ల వేలు పెట్టి, వాసన చూసి, "గిది మన సున్నమే గదనే?" అన్నది.

"సున్నం కాదమ్మా. మినరల్ ఫినిష్."

"పశుల కొట్టానికి ఏపిస్తే గిట్లనే ఉంటుండె," అనుకుంట పోయింది. పాపం, అమ్మకు ఫ్యాషన్ తెల్వదని జాలిపడ్డ.

పెండ్లి దగ్గర పడ్డది. పెయింటర్ ఖాదర్ భాయ్ పొద్దున్నే వచ్చి చివరి కోటు ఏసి, "కిటికీలు తెరిచి పెట్టమ్మా. గాలి తగిలితే మంచిగ ఎండుతది," అని చెప్పి పోయిండు. నేను కళ్ళం దిక్కున్న కిటికీలు బార్లా తెరిచి, ఎవరు ముట్టొద్దని తలుపుకు గొళ్ళెం పెట్టి, పిస్తా రంగుకు జోడి కుదిరే దిండు గలీబుల కోసం టౌనుకు పోయిన.

గా రోజే మా ఇంటికి పసుపు పాలిష్ మిషన్ వంతు వచ్చింది. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ముల ఏసి తిప్పితే పొట్టు రాలి మెరుస్తయి. ఊరంతటికి మిషన్ ఒకటే తిరుగుతది. వంతు పోగొట్టుకుంటే మళ్ళ ఎప్పుడొస్తదో. బాపు డ్రమ్ము తిప్పిచ్చిండు. పసుపు దుమ్ము లేసింది. గాలి ఎటు దిక్కు ఉన్నదో మీకు చెప్పనవసరం లేదు.

నేను గలీబులు పట్టుకొని వచ్చి తలుపు తీసిన. గోడకు అమ్మవారు పోసినట్టుంది. మొత్తం ఎర్రెర్రటి మచ్చలు. కిటికీ దగ్గరైతే మచ్చలు కలిసిపోయి చెంపలు కందినట్టుంది.

ఖాదర్ భాయ్‌కి ఫోన్ కొట్టిన. "ఎర్రరంగు బ్రష్ పెట్టినవా భాయ్?"

"కసమ్ తోటి చెప్తున్న, కొత్త బ్రష్ అమ్మా. ఫోటో పంపు."

పంపిన. జర సేపటికి మెసేజ్ వచ్చింది: "డిజైన్ మస్తుంది. ఎవరు ఏసిండ్రు?"

ఇగ నేనే బాగుచేద్దామని తడిగుడ్డ తెచ్చి తుడిచిన. మచ్చలన్ని కలిసి ఇంత పెద్ద ఎర్రటి సుడి అయినయి. తుడిచినకొద్ది ఎరుపు. నా అరచేతులు గూడ ఎరుపు. అప్పుడే అమ్మ వచ్చింది. నా చేతులు చూసింది, గోడ చూసింది, కిటికీలకెల్లి కళ్ళం చూసింది.

"మొత్తం గోడకు పారాణి పెట్టినవా బిడ్డా?" అన్నది, మెల్లగ.

అప్పుడు వెలిగింది. సున్నానికి పసుపు తగిలితే ఎరుపు. గిది మా ఇంట్ల పాలు తాగే పిల్లకు గూడ తెలుసు. అసలు ఊర్ల ఎవరింట్ల శుభకార్యమైనా దిష్టినీళ్ళు కలపనీకి నన్నే పిలుస్తరు, నా చేతిల ఎరుపు మంచిగొస్తదని.

బాపు వచ్చిండు. "నీ గోడ తెల్లగుండాలని పసుపు గూడ తెల్లగ పండియ్యాల్నా?" అన్నడు. మళ్ళ నా కండ్లు చూసిండు. పోయి మిషన్ బంద్ చేయించి, గోనెసంచి తెచ్చి కిటికీకి అడ్డం పట్టుకొని నిలబడ్డడు.

"ఇప్పుడేం లాభం బాపు? దించు."

"ఉండనియ్యి. గాలిల ఇంకా ఉన్నది," అని అట్లనే పట్టుకున్నడు. వంతు పోతదని తెలిసి గూడ.

ఖాదర్ భాయ్‌కి బోధన్ల పని పడ్డది, పెండ్లి అయ్యేదాక రాడు. పిస్తా కర్టెన్ గోడకు అడ్డం కట్టి పెండ్లికి పోయిన. పెండ్లిల అందరు వదిన నగలు చూస్తుంటే నాకు కండ్ల ముందర గోడనే.

వదిన మా గడప దాటింది. రూములకు వచ్చింది. "ఈ గోడకు కర్టెన్ ఎందుకు? వెనకాల కిటికీ ఉందా?"

"లేదు వదినా."

"మరి?"

పక్కకు జరిపిన. వదిన చూసింది. అన్న నోరు తెరవబోతే అమ్మ మోచెయ్యితోని పొడిచింది.

"తెల్లగా ఉంటుందనుకున్నాను," అన్నది వదిన. గంతే. తిట్టినా బాగుండు. గంత మర్యాదగ బాధపడితే ఎట్ల తట్టుకోవాలె? సుడి దగ్గర నుంచి గోనెసంచి దాక అన్ని చెప్పేసిన. బాపు కిటికీ దగ్గర నిలబడ్డ ముచ్చట చెప్తుంటే వదిన బయట కూసున్న బాపు దిక్కు చూసింది. "మిగిలిన సున్నం ఉందా?" అని అడిగింది.

తెల్లారి ఇద్దరం కొంగులు నడుముకు చెక్కినం. కిటికీలు బంద్. మిషన్ వేరేటోళ్ళ ఇంటికి పోయింది. బ్రష్ అడ్డం నిలువు తిప్పుకుంట ఏస్తనే ఉన్నం. మచ్చలు పోయినయి, సుడి పోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ నిజంగనే మబ్బు లెక్క అయింది. వదిన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఇంకొంచెం దూరం నుంచి చూద్దామని వెనక్కి జరిగి, బక్కెట్ కాలికి తగిలి, పడకుండ గోడకే చెయ్యి ఆనించింది.

కొత్త పెండ్లికూతురు. పొద్దున పుస్తెలతాడుకు పసుపు రాసుకున్న చెయ్యి, ఎంత కడిగినా పోని పసుపు.

చెయ్యి తీసేసరికి అయిదు వేళ్ళు, అరచెయ్యి, గోడ మీద పచ్చగ. చూస్తుండంగనే నారింజ. ఆ తర్వాత ఎరుపు.

"కడుక్కున్నానండీ," అన్నది వదిన, గోడతోనే.

నేను గబగబ బ్రష్ ముంచిన. వదిన నా మణికట్టు పట్టుకున్నది. "వద్దు, ఉండనీ." తల పక్కకు వంచి చూసుకున్నది. "ఇప్పుడు ఇది నాదే అనిపిస్తోంది."

నా చెయ్యి గూడ పక్కన పెడ్దామని లేపిన.

"నువ్వు మాత్రం చేతులు కట్టుకుని నిలబడు," అన్నది.

మొన్న పక్కింటి పెద్దమ్మ వచ్చి గోడ చూసి మురిసిపోయింది. "గీ డిజైన్ ఎవరు చేసిండ్రమ్మా?" అంటే వదిన నవ్వు ఆపుకొని, "మా ఆడపడుచేనండీ," అన్నది. పెద్దమ్మ వాళ్ళ బిడ్డ రూముకు గూడ గట్లనే కావాల్నట, సామాన్ ఏమేం తెప్పియ్యాల్నో చెప్పమని నా వెంట పడ్డది.

"ఏం తేవొద్దు పెద్దమ్మా. సున్నం మీ కొట్టంల ఉన్నది, పసుపు మీ కళ్ళంల ఉన్నది. ఇగ తెలివితక్కువతనం అంటవా, నేనొస్తున్న గద."