గొలుసు రెండో కొస

ప్రదర్శనకు జనం రావాలంటే నేను కెమెరా ముందు రెండు ముక్కలు చెప్పాలట. మ్యూజియం నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లనీ, ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లనీ తెలిసి సర్కారు కొలువుల్లోంచి వెళ్లగొట్టిన మనుషుల గురించి ఆ ప్రదర్శన. "కొంచెం నవ్వుతూ చెప్పండి సార్, పాజిటివ్‌గా ఉంటుంది" అంది. నాకు ఒళ్లు మండింది. పెళ్లిపిలుపా ఇది, నవ్వుతూ చెప్పడానికి? అయినా ఒప్పుకున్నాను. ఆ వీడియో ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి ఎక్కడెక్కడికో పోతుందని చెప్పింది, అందుకు. ఒక్క మనిషి కంట పడితే చాలు. అతను ఎక్కడున్నాడో నాకు తెలియదు.

తొంభైల చివర నేను భూములు కొలిచే ఆఫీసులో సర్వేయర్ని. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల బిల్డింగు లేస్తోంది. దాని చుట్టూ గుట్టలూ ముళ్లకంపలూ తప్ప ఏమీ లేవు. రేపోమాపో కంపెనీలొస్తాయని మమ్మల్ని తరిమి తరిమి కొలిపించేవారు. ఇనప గొలుసుతో కొలత. వెనక కొస నేను పట్టుకుంటే, ముందు కొస చైన్‌మన్ పట్టుకుని నడిచేవాడు. గొలుసు బిగియగానే అతను "పట్టిన!" అని కేకేస్తే నేను "వేయ్!" అనాలి, అతను అక్కడ గుర్తుకు ఇనప పుల్ల గుచ్చాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఎంత మొనగాడైనా రెండో కొస పట్టేవాడు లేకపోతే నీడ చూసుకుని కూర్చోవాల్సిందే.

చందానగర్‌లో ఒక కిరాయి గదిలో నేనూ, నేనిప్పుడు వెతుకుతున్న ఆ మనిషీ ఉండేవాళ్లం. అతను ఒక చిన్న దవాఖానలో కాంపౌండర్. ఇద్దరు బ్రహ్మచారులు కిరాయి కలిసొస్తుందని ఉంటున్నారని వాడకట్టంతా అనుకునేది. మేమూ అనుకోనిచ్చాం. ఒకరోజు తెల్లారుతూనే, ఆఫీసరు పంపిన కబురు పట్టుకుని చైన్‌మన్ వచ్చాడు. గడియ పెట్టడం మరిచాం. తలుపు తోసి లోపలికి చూశాడు. దోమతెరలో మేమిద్దరం పడుకున్న తీరు స్నేహితులు పడుకునే తీరు కాదు. కబురు చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు సైటులో గొలుసు విప్పాను. చైన్‌మన్ మెడమీది తువాల తీసి, గొలుసు కొసనున్న ఇత్తడి పిడికి చుట్టి, అప్పుడు పట్టుకున్నాడు. ఎండకు కాలిందేమో అనుకున్నాను. అంత పొద్దున్నే ఎండెక్కడిది!

"ఏందన్నా, గట్లెందుకు పట్టుకున్నవ్?"

"జర ఏమనుకోకు సార్," అన్నాడు నేల చూస్తూ. "మనసొప్పుతలేదు."

అంత పొడుగు ఇనుము దాటి నా చేయి అతణ్ని అంటుతుందట! కొన్నాళ్లకు తువాల కూడా చాలలేదు. అతను రానన్నాడు, మిగతా చైన్‌మన్లూ రామన్నారు. ఆఫీసులో భోజనాల వేళ అందరి కూరలూ బల్ల మధ్యకు చేరేవి, ఎవరి చెంచా ఎవరి డబ్బాలోనైనా పడేది. నా డబ్బాలో పడటం మానేసింది. వంకాయ కూర ఎలా తెచ్చానో అలాగే ఇంటికి మోసుకుపోయేవాణ్ని.

ఆఫీసరు గోదావరి వైపు మనిషి, మాట మహా మెత్తన.

"మీ సొంత విషయాలు నాకెందుకండీ. ఓ సంబంధం చూసుకోండి. శుభలేఖ తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టండి. మర్నాడే చైన్‌మన్‌ని ఇస్తాను."

"పెట్టకపోతే?"

"కొలతలు కావట్లేదని పైకి రాయాలి కదండీ. మీ ప్రొబేషన్ కూడా ఇంకా అవలేదాయె."

అంటే కొలువు ఊడుతుందని. నా కొలువు నిలబెట్టుకోవడానికి ఏ ఆడపిల్ల గొంతు కొయ్యమంటాడు నన్ను?

ఇంటికొచ్చి చెబితే అతను పకపకా నవ్వాడు. "గింతదానికి గింత పరేషానా? దవాఖానకు సెలవు పెడత. రెండో కొస నేను పట్టుకుంట."

అన్నట్టే వచ్చాడు. ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. "పట్టిన!" అని అతను అరిస్తే గుట్టలు తిరిగి అరిచేవి. అది వినాలని పని లేకపోయినా ఇంకోసారి అరిచేవాడు. ముళ్లు గీరుకుని మోచేతులు ఎర్రబడ్డాయి. ఆగిపోయిన కొలతలన్నీ పూర్తి చేశాం. బుద్ధి తెలిశాక అంత సంతోషంగా నేనెన్నడూ పనిచేయలేదు.

ఎవరో చూసి ఆఫీసులో చెప్పారు. ప్రభుత్వ కొలతలో బయటి వ్యక్తి చేయి పెట్టకూడదు. ఆ రూలు నాకు తెలియనిది కాదు, ఆ సంబరంలో మనసుకే రాలేదు. వచ్చిన ఆర్డరులో మా ఇద్దరి సంగతి ఒక్క ముక్క లేదు. బయటివాడితో గొలుసు పట్టించాను కాబట్టి తొలగించారు, అంతే. "దారి మీరే ఇచ్చారు కదండీ" అన్నాడు ఆఫీసరు, అదే మెత్తదనంతో.

అతను ఆ కాగితం రెండుసార్లు చదివి నా చేతికిచ్చాడు. "నేను రాకుంటే నీ కొలువు ఉంటుండె గదరా."

కాదురా, ఎట్లాగూ తీసేసేవాళ్లు, ఇది కాకపోతే ఇంకో సాకు దొరికేది అని నెత్తీనోరూ బాదుకున్నాను. వింటే కదా! నవ్వడం మానేశాడు, తిండి మానేశాడు. ఒకరోజు పని వెతుక్కుంటూ నేను నిజాంపేట పోయి వచ్చేసరికి గదిలో అతని బట్టల్లేవు. దోమతెర చక్కగా మడిచి మంచం మీద పెట్టి ఉంది. దవాఖానలో అడిగాను, వాళ్ల ఊరు పోయి అడిగాను. "నువ్వేమైతవు?" అన్నారు. ఏమవుతానని చెప్పను? బస్సెక్కి వచ్చేశాను.

మ్యూజియం వాళ్లు ఎక్కడో అలాంటి గొలుసే సంపాదించారు. "ఒక కొస పట్టుకుని నిలబడండి సార్" అంది అమ్మాయి. పట్టుకున్నాను. రెండో కొస నేల మీద ఉంది. ఆమె దాన్ని ఎత్తబోతే "ఉండనీ తల్లీ" అన్నాను. కెమెరాలోకి చూశాను.

"ఒరే, గిది నువ్వు చూస్తే, రా. కొలువు పోయింది నీ వల్ల కాదు. అందరు వదిలేసిన కొస నువ్వొక్కనివే పట్టుకున్నవ్. గంతే."

అమ్మాయి కెమెరా ఆపలేదు. తర్వాత మెల్లగా, "సార్, సోమవారం సెలవని కూడా చెప్పాలి" అంది.

మళ్లీ కెమెరాలోకి చూశాను. "సోమవారం మాత్రం రాకురా. మూసి ఉంటది."